నెట్టీ వదిన కంటి గిన్నెలు

మా వదిన నెట్టీ బిలిక్ గురించి మా ఊరు వెర్బాలో ఎవరిని అడిగినా ముందు రెండు సంగతులు చెబుతారు. ముప్పై నాలుగో నంబరు స్కూలు బస్సు ఆవిడదని ఒకటి. ఆవిడ కంటి లెన్సు కొరికి మా చర్చి ఫాదర్ బొహ్దాన్ పన్ను విరిగిందని రెండోది. బస్సు మాట నిజం. పన్ను మాట శుద్ధ అబద్ధం. పన్ను విరగలేదు, అంచున చిన్న పెచ్చు లేచింది, అంతే. నేను పక్కనే నిలబడి ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

నా పేరు మార్తా. నెట్టీ మా అన్న నెస్టర్ భార్య. మా ఊరి కళ్ళ డాక్టరు దగ్గర ఇరవై ఆరేళ్ళుగా ముందు బల్ల దగ్గర కూర్చుంటున్నది నేనే. కొత్తగా లెన్సులు తీసుకున్నవాళ్ళకు పెట్టుకోవడం, తీసుకోవడం నేర్పేదీ నేనే. ఊళ్ళో సగం కళ్ళు నా చేతుల మీదుగా బాగుపడ్డాయి. మా వదిన కళ్ళంత మొండి కళ్ళు మాత్రం నేనింతవరకు చూడలేదు. కళ్ళే అనుకునేరు, మనిషీ అంతే.

ఆవిడ జబ్బుకు కెరటోకోనస్ అని పేరు. పేరు చూసి బెదరక్కర్లేదు. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంటుంది కదా, అందరికీ అది బోర్లించిన గిన్నెలా గుండ్రంగా ఉంటుంది. మా వదినకు పదిహేనో ఏటి నుంచి అది పలచబడుతూ, ముందుకు మొనదేలుతూ వచ్చింది. ఇక అప్పటినుంచి ఆవిడకు ఏదీ ఒకటిగా కనిపించదు. అక్షరం వెనక ఇంకో అక్షరం నీడ, మనిషి పక్కన ఇంకో మనిషి. పెళ్ళినాడు చర్చిలో తనకు ముగ్గురు నెస్టర్లు కనిపించారనీ, మధ్యవాడు కాస్త నయంగా ఉన్నాడని వాడి చెయ్యి పట్టుకున్నాననీ అంటుంది. ఆ మధ్యవాడు అప్పుడే పారిపోయాడు, నేను ఎడమవైపు వాణ్ణి అంటాడు మా అన్న. ముప్పై మూడేళ్ళుగా ఇదే జోకు. వినలేక చస్తున్నాం.

ఆవిడ వాడని లెన్సు లేదు. కళ్ళజోడు ఆర్నెల్లకోసారి మార్చి మార్చి విసిగాక మొదట మెత్తని లెన్సులు పెట్టించుకుంది. హాయిగానే ఉన్నాయి, చూపే రాలేదు. తడిబట్టను రాయి మీద పరిస్తే రాయి వంకరే బట్టకూ వస్తుంది కదా, అలా ఆ లెన్సు కంటి వంకరంతా తనూ పోయింది. తర్వాత చిన్నవి, గట్టివి. వాటితో చూపు తేటగా వచ్చింది, హాయి పోయింది. మావి కంకర రోడ్లు. గోధుమ కోతల్లో ఊరు ఊరంతా దుమ్ము. ఆ దుమ్ము గట్టి లెన్సు కిందికి దూరిందంటే ప్రాణం పోయినంత పని. కంట్లో నలుసు పడితే మనిషి ఎలా గిలగిల్లాడతాడో మా వదిన రోజూ అలాగే ఉండేది. పైగా డబ్బులిచ్చి కొనుక్కున్న నలుసాయె.

ఫాదర్ పన్ను కథ ఆ రోజుల్లోదే. చర్చి నేలమాళిగలో ప్రతి గురువారం ఆడవాళ్ళమంతా చేరి పెరోహీలు చేస్తాం. పిండి ఒత్తి, బంగాళాదుంప ముద్ద పెట్టి, కజ్జికాయల్లా అంచులు నొక్కి, డజన్ల లెక్కన అమ్ముతాం. ఆవేళ వదిన ఏదో మాటకు పడీ పడీ నవ్వింది. కుడికంటి లెన్సు టప్పున ఎగిరిపోయింది. నేల మీద లేదు, బల్ల మీద లేదు. ఎదురుగా రెండు తొట్ల బంగాళాదుంప ముద్ద. తొమ్మిదిమందిమి మోచేతుల దాకా ముంచి గంటసేపు పిసికాం. దొరకలేదు. వంటశాల పెద్ద స్లొబోదియన్ మామ్మ, ఎక్కడో బల్ల కింద పడి ఉంటుంది లెండి అని కొట్టిపారేసి, పనికి కదలమంది. మధ్యాహ్నం ఫాదర్ భోజనానికి దిగారు. నాలుగో పెరోహీ దగ్గర దవడ ఆగిపోయింది. నోట్లోంచి తీసి, అరచేతిలో పెట్టుకుని, ఇది ఎవరిదమ్మా అని ఎంతో మర్యాదగా అడిగారు. మా వదిన సిగ్గుపడకుండా వెళ్ళి తీసుకుంది. అది చాలక కుళాయి కింద కడిగి కంట్లో పెట్టుకోబోయింది. చేతి మీద ఒక్కటిచ్చాను.

ఆ తర్వాత డాక్టరు ఇంకో ఉపాయం చెప్పింది. కింద మెత్తని లెన్సు, దాని మీద గట్టిది. నలుసు కింద పరుపు వేసినట్టన్నమాట. రెండు కళ్ళకు నాలుగు లెన్సులు, నాలుగు డబ్బాలు, రెండు రకాల మందునీళ్ళు. ఒకరోజు మెత్తనివి రెండూ ఒకే కంట్లో పెట్టుకుని, రెండోది పోయిందని ఇల్లంతా ఊడ్పించింది. మా అన్న వాక్యూమ్ క్లీనరు సంచి విప్పి పేపరు మీద పోసుకుని వెతుకుతుంటే, ఈవిడ కన్ను నలుపుకుంది, రెండూ ఒకేసారి ఊడి చేతిలో పడ్డాయి. ఆ మీదట మధ్యలో గట్టిగా, అంచు మెత్తగా ఉండే రకం వచ్చింది. అది మూడేళ్ళు బాగానే నడిచింది. ఈలోగా కన్ను ఇంకా మొనదేలి, ఆ గట్టి భాగం ఒరుసుకోవడం మొదలైంది. సాయంత్రానికి కళ్ళు బీటుదుంపల్లా అయ్యేవి. విసిగిపోయి అన్నీ డ్రాయరులో పడేసి పాత కళ్ళజోడు తగిలించుకుంది. గుడ్డికన్నా మెల్ల మేలు కదే అనేది. ఆ మెల్ల కూడా మేలు కాని రోజొకటి వస్తుందని నేను నెత్తీ నోరూ బాదుకుంటూనే ఉన్నాను.

ఎందుకంటే ఆవిడ చేతిలో బస్సు ఉంది. ఇరవై రెండేళ్ళుగా నడుపుతున్న బస్సు. వాళ్ళకు పిల్లలు లేరు. ఎవరైనా అడిగితే, ఉన్నారు, పందొమ్మిదిమంది, పొద్దుటొకసారీ సాయంత్రమొకసారీ కంటాను అంటుంది. ఏ పిల్ల అడుగు ఎలా చప్పుడవుతుందో ఆవిడకు తెలుసు. వెనక్కి తిరక్కుండానే, అద్దంలోకి చూడకుండానే, ఒరేయ్ టైలర్, ఆ బూట్లు సీటు మీంచి దించు అంటుంది. వీపుకు కళ్ళున్నాయని పిల్లల నమ్మకం. వీపు కళ్ళు సరే వదినా, ముందువాటి మాటేమిటి అనేదాన్ని నేను. కళ్ళజోడు ముక్కు మీదికి ఎగదోసుకుని వినిపించనట్టు పోయేది.

మొన్న జనవరిలో వినిపించుకోక తప్పలేదు. ఆ పొద్దున చలి మైనస్ ముప్పై ఒకటి. మెల్నిక్‌ల గేటు దగ్గర బస్సు ఆపి తలుపు తీసింది. ఇద్దరు పిల్లలు నిలబడి ఉన్నారు. ఒక పిల్ల ఎక్కి కూర్చుంది. రెండో పిల్ల కదలదు. రావే తల్లీ, చలి కొట్టేస్తోంది అని పిలిచింది. కదలదు. బస్సులోని వెచ్చదనమంతా బయటికి పోతోంది. చివరికి ఎక్కి కూర్చున్న ఏడేళ్ళ టోరీ, నేను ఎక్కేశాను నెట్టీ, అక్కడున్నది మా పోస్టు డబ్బా అంది. బస్సంతా నవ్వు. మా వదిన కూడా నవ్వింది. నవ్వుతూనే అందరినీ బడి దగ్గర దింపింది, షెడ్డులో బస్సు పెట్టింది, తిన్నగా వెళ్ళి బస్సుల మేనేజరు గార్త్ వీబ్ బల్ల మీద తాళాలు పెట్టింది.

"ఇవాళ లేని పిల్ల కనపడింది గార్త్. రేపు ఉన్న పిల్ల కనపడకపోతే?" అంది.

గార్త్ మెతక మనిషి. డాక్టరు సంతకం తెచ్చుకో, జూన్‌లో బడులు మూసేదాకా నీ బస్సు ఇంకెవరికీ రాసివ్వను, అంతవరకు బదులు మనిషితో నెట్టుకొస్తాను అన్నాడు. ఆ వారమే తల్లిదండ్రుల సంఘం పెద్ద కార్లా డిక్ స్కూలు బోర్డుకు ఉత్తరం రాసింది. చూపు ఆననివాళ్ళ చేతిలో మా పిల్లల్ని పెట్టం, నెట్టీని మళ్ళీ తీసుకుంటే మా సంగతి చూసుకోండి అని. ఇప్పుడు ఆలోచిస్తే ఏ తల్లయినా అదే రాస్తుంది. ఆరోజు మాత్రం కార్లాను ఏడు తరాలూ తలుచుకుని తిట్టాను.

మా వదిన ఇంట్లో కూర్చుంది. కూర్చునే మనిషి కాదు. పొద్దున్నే ఐదున్నరకు లేచి, కోటు తొడుక్కుని, వంటింటి కిటికీ దగ్గర నిలబడేదట. ఆరూ నలభైకి బదులు డ్రైవరు ముప్పై నాలుగును తీసుకుని రోడ్డు మీద పోతుంటే, గేరు ఎలా వేస్తున్నాడో చూడు దరిద్రుడు అనేదట. మా అన్న నాకు ఫోను చేసి, ఏదో ఒకటి చెయ్యవే మార్తా, ఈవిడ బస్సన్నా నడపాలి, నేను ఇల్లన్నా వదలాలి అన్నాడు.

మా డాక్టర్ టెస్సియర్ అప్పటికే స్క్లెరల్ లెన్సుల పని నేర్చుకుని వచ్చింది. అవి పెద్దవి, పది సెంట్ల బిళ్ళంత, ఇంచుమించు కోటు బొత్తామంత ఉంటాయి. నల్లగుడ్డును అసలు తాకవు. అంచు తెల్లగుడ్డు మీద ఆనుతుంది, మధ్యలో గుమ్మటంలా ఎత్తుగా ఉంటుంది, ఆ ఖాళీ నిండా ఉప్పునీళ్ళు. కన్ను ఎంత వంకరగా ఉన్నా ఆ నీళ్ళ కింద దాక్కుంటుంది. దుమ్ము దూరడానికీ సందు తక్కువే. వదినకు చూపిస్తే చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. ఇది కంట్లో పెట్టేదా, కంటికి మూత వేసేదా అంది. డాక్టరు తన చేత్తోనే రెండూ పెట్టింది. గుచ్చుకుంటున్నాయా అని డాక్టరు అడిగితే, అసలు పెట్టారా అని ఎదురడిగింది. తర్వాత నావైపు తిరిగింది.

"మార్తా, నీకు మీసాలొచ్చాయేంటే?"

పదేళ్ళయింది వచ్చి, నువ్వు చూడలేదంతే అన్నాను. కిటికీ దగ్గరికి వెళ్ళి, రోడ్డవతల హార్డ్‌వేర్ కొట్టు బోర్డు మీద ఉన్నదంతా, ఆఖరికి కింద చిన్న అక్షరాల్లో ఉన్న ఫోను నంబరుతో సహా, బడిపిల్లలా పైకి చదివింది. డాక్టరు సంతకం పెట్టడానికి ఒక్కటే అడ్డు. పెట్టుకోవడం, తీసుకోవడం మనిషికి సొంతంగా రావాలి. రాకపోతే లెన్సు లేదు, లెన్సు లేకపోతే సంతకం లేదు, సంతకం లేకపోతే బస్సు లేదు.

అక్కడ మొదలైంది నా కర్మ. ఈ లెన్సును చిన్న రబ్బరు కాడ మీద నిలబెట్టి, గిన్నెలా నిండా ఉప్పునీళ్ళు పోసి, నూతిలోకి తొంగిచూసినట్టు ముఖం నేలకేసి వంచి, రెప్పలు విడదీసి, కిందనుంచి కంటికి ఆనించాలి. ఒక్క బుడగ మిగిలినా పనికిరాదు, మళ్ళీ మొదలు. మా వదిన చెయ్యి పైకి వస్తుంటే కన్ను పారిపోయేది. కన్ను ఆగితే చెయ్యి వణికేది. రెండూ ఆగితే నీళ్ళు ఒలికిపోయేవి. పదకొండు సార్లు కూర్చోబెట్టాను. నా బల్ల తడిసింది, నా బూట్లు తడిశాయి, నా రిజిస్టరు తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. ఏడేళ్ళ పిల్లలకు నేర్పాను, ఎనభై ఏళ్ళ ముసలాళ్ళకు నేర్పాను, నీకొచ్చిన మాయరోగం ఏమిటి వదినా అని ఒకరోజు గట్టిగానే అరిచాను. నీ మొహం చూస్తుంటే ఏ కన్నయినా పారిపోతుందే అని తనూ అరిచింది. లెన్సు డబ్బా బల్ల మీద విసిరేసి పోయింది. మూడు వారాలు ఒకరి గుమ్మం ఒకరం తొక్కలేదు.

ఈస్టరు ముందు ఉపవాసాల రోజులు వచ్చాయి. వదిన పెళ్ళయి వచ్చిన మొదటి ఏటినుంచీ మేమిద్దరం ఆ రోజుల్లో కలిసి కూర్చుని గుడ్ల మీద పిసంకాలు రాస్తాం. కొవ్వొత్తి మంటకు కలం వేడిచేసి, కరిగిన మైనంతో గీతలు గీసి, గుడ్డును రంగులో ముంచడం. తగువు తగువే, గుడ్లు గుడ్లే అనుకుని వెళ్ళాను. వదిన కళ్ళజోడు తీసేసి, గుడ్డును ముక్కుకు ఆనించుకుని రాస్తోంది. అంత దగ్గరైతే ఆవిడకు బాగానే కనిపిస్తుంది. అందుకే ప్రతి ఏడూ ముంగురులు కొవ్వొత్తికి అంటుకుంటాయి. ఇల్లంతా మైనం వాసన, కాలిన జుట్టు వాసన. నా గీతలు ఎప్పటిలాగే కోడి గీరినట్టు పోతున్నాయి. వదిన అరగంట ఓర్చుకుని ఇక ఆగలేకపోయింది.

"కలం కదపకే మొద్దూ. ఎన్నేళ్ళు చెప్పాలి? కలం ఆగి ఉండాలి, గుడ్డు తిరగాలి."

అన్నాక తనూ ఆగిపోయింది, నేనూ ఆగిపోయాను. ముందు తట్టింది నాకే. తనకే అని ఆవిడ ఈరోజుకీ వాదిస్తుంది. సంచిలోంచి లెన్సు డబ్బా తీశాను. మళ్ళీ అడుగుతుందేమోనని మూడు వారాలుగా మోస్తూనే ఉన్నాను, ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు. గుడ్డు నిలబెట్టే పింగాణీ కప్పులో గోధుమ గింజలు పోసి, రబ్బరు కాడను అందులో నిటారుగా గుచ్చాం. వదిన చేతులు కడుక్కుని వచ్చింది. కాడ మీద లెన్సు, లెన్సు నిండా నీళ్ళు. ఇక అది ఎక్కడికీ రాదు. రెండు చేతులూ ఖాళీ, రెప్పలు పట్టుకోవడానికి. కన్నే దిగి రావాలి. వదిన బల్ల మీదికి వంగి, గుడ్డును రంగులో ముంచినట్టు నిదానంగా ముఖం దించింది. లెన్సు కూర్చుంది. బుడగ లేదు. రెండోదీ కూర్చుంది. లేచి నిలబడి, బుగ్గల మీద ఉప్పునీళ్ళు కారుతుండగా నా చేతిలో గుడ్డుకేసి చూసి, ఇంత దరిద్రంగా గీశావేంటే, ఇన్నాళ్ళూ బాగుందనుకున్నాను అంది.

ఈస్టరు వెళ్ళిన వారానికి డాక్టరు సంతకం పెట్టింది. గార్త్ తాళాలు తిరిగి ఇచ్చాడు. అయితే జూన్ దాకా ఒక కన్నేసి ఉంచుతామనీ, కార్లా ఉత్తరం ఇంకా ఫైలులోనే ఉందనీ, మళ్ళీ ఏ చిన్న మాట వచ్చినా తను కాపాడలేననీ కూడా చెప్పాడు. దాంతో మా వదినకు కొత్త భయం పట్టుకుంది. ఈ లెన్సులతో కొందరికి నాలుగైదు గంటలకు లోపలి నీళ్ళు మసకబారతాయి. తీసి, కడిగి, కొత్త నీళ్ళు పోసి పెట్టుకుంటే సరి. ఆవిడ ఆ పని మధ్యాహ్నం బస్సు షెడ్డు స్నానాలగదిలో గడియ వేసుకుని చేసేది. దాచేదేముంది, పిల్లలకు చెప్పెయ్ అన్నాను. ఇంకా నయం, నెట్టీ కళ్ళు ఊడదీసి కడుక్కుంటుందని ఒక్క పిల్ల ఇంట్లో చెప్పిందంటే కార్లా మర్నాటికల్లా నా చేతిలో తాళాలు ఉండనివ్వదు అంది. ఆ మాటా కొట్టిపారెయ్యలేకపోయాను.

మే నెల మధ్యలో, విత్తనాలు చల్లే రోజుల్లో, దక్షిణపు గాలి లేచింది. పొలాలన్నీ గాలిలోనే ఉన్నాయి. ఆరోజు సాయంత్రం బడి నుంచి బయల్దేరేసరికి వదిన కళ్ళు బాగానే ఉన్నాయట. మూడు మైళ్ళు పోయాక కుడికన్ను పాలు పోసినట్టయింది. ఇంకో మైలుకు ఎడమది మొదలైంది. ముందున్నది ఆరు మైళ్ళ తిన్నని రోడ్డు. ఇరవై రెండేళ్ళుగా నడుపుతున్న రోడ్డు, కళ్ళు మూసుకుని పోగలదు. ఆ మాటకొస్తే మొన్నటిదాకా ఇంచుమించు అలాగే పోయింది. పోతే ఎవరికీ తెలియదు. ఆగితే అందరికీ తెలుస్తుంది, బస్సు పోతుంది. ఆ రెండూ తూచుకోవడానికి ఎంతసేపు పట్టిందో నాకు చెప్పలేదు. పాత ధాన్యం గోదాము ముందు రోడ్డు వెడల్పవుతుంది. అక్కడ పక్కకు తీసి ఆపింది. ఎర్ర దీపాలు వేసింది. రేడియో తీసి, అన్ని బస్సులవాళ్ళూ, గార్తూ వింటుండగా, ముప్పై నాలుగు ఆగింది, కళ్ళు కడుక్కుని బయల్దేరతాను, పావుగంట ఆలస్యం అని చెప్పింది. అప్పుడు సీట్లోంచి లేచి పిల్లలకేసి తిరిగింది.

"నాకిప్పుడు సరిగా కనపడట్లేదు. కనపడేదాకా బండి కదలదు. ఎవరూ సీట్లోంచి లేవద్దు."

భోజనం డబ్బాలోంచి సబ్బు, నీళ్ళ సీసా, ఉప్పునీళ్ళ సీసా, గుడ్డు కప్పు బయటికి తీసింది. చేతులు కడుక్కుంది. మొదటి లెన్సు తీయగానే ఒకటో తరగతి పిల్ల, నెట్టీ కన్ను ఊడిపోయిందని ఏడుపు అందుకుంది. టోరీ ఆ పిల్లను ఊరుకోబెట్టింది. ఇద్దరికో ముగ్గురికో నోళ్ళు తెరుచుకుని ఉండిపోయాయట. ఇంతలో చివరి సీటులోంచి ఎవరో నడిచివచ్చి పక్కనే నిలబడ్డారు. గాలి హోరులో ఎవరి అడుగో తెలియలేదు. లెన్సుల్లేకుండా వదినకు ఒక పొడుగాటి మసక తప్ప ఏమీ కనిపించలేదు. వెళ్ళి కూర్చోమంది. మసక కూర్చోలేదు, మాట్లాడలేదు. రెండు కళ్ళూ పెట్టుకోవడం అయ్యేదాకా అలాగే చూస్తూ నిలబడి, వెనక్కి వెళ్ళిపోయింది. వదిన అందరినీ ఇళ్ళ దగ్గర దింపి, ఇంటికొచ్చి నాకు ఫోను చేసింది.

అందరి ముందూ తీశాను, ఇక అయిపోయిందే మార్తా అంది. పోనీ తప్పు చేశానంటావా అని అడిగింది. కాదన్నాను. కాదని నాకూ తెలుసు, తెలిసి ఏం లాభం అంది. ఆ తర్వాత ఏడ్చింది. ముప్పై మూడేళ్ళలో ఆవిడ ఏడుపు నేను వినడం అదే మొదటిసారి. ఆ ఏడుపు ఆగేదాకా ఫోను పట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు పొద్దున నేను తలుపు తెరిచేసరికి కార్లా డిక్ మెట్ల మీద ఉంది. పక్కన పదమూడేళ్ళ కూతురు బ్రిన్. ఏం తెగువ, నా దగ్గరికే వచ్చిందా, నెట్టీ కళ్ళ కాగితాలు అడగడానికేగా అనుకున్నాను. ఆవిడను కడిగెయ్యడానికి రాత్రంతా మాటలు నూరి పెట్టుకుని ఉన్నాను. ఒక్కటీ వాడలేకపోయాను. కార్లా కుర్చీలో కూలబడింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"కంప్లెయింటుకి రాలేదు మార్తా. దీనికి రెండేళ్ళుగా అన్నీ రెండుగా, మూడుగా కనపడుతున్నాయంట. చెబితే గుడ్డిదాన్నయిపోతానంటారని దాచుకుంది. నిన్న నెట్టీ బస్సు ఆపి అందరి ముందూ ఒక మాట అందంట. రాత్రి భోజనాల దగ్గర చెంచా కింద పెట్టి ఇది కూడా అదే మాట అంది. అమ్మా, నాకు సరిగా కనపడట్లేదు అంది."

చివరి సీటులోంచి నడిచివచ్చింది ఈ పిల్లే. నేను బల్ల వెనకనుంచి లేచి వెళ్ళి ఆ పిల్లను దగ్గరికి తీసుకున్నాను. ఆఫీసులో అలా చెయ్యకూడదు, చేశాను. డాక్టర్ టెస్సియర్ మిషను మీద పిల్ల కళ్ళ పటం తీసి చూసింది. అదే జబ్బు. అయితే ఇప్పుడే మొదలు. ముదరకుండా ఆపే వైద్యం ఇప్పుడు నగరంలో ఉంది, మా వదిన చిన్నతనంలో అది లేదు. ఇంకో రెండేళ్ళు దాచుకుని ఉంటే వేరే సంగతి అంది డాక్టరు. కార్లా నా ఫోనే తీసుకుని గార్త్‌తో మాట్లాడింది. నా ఉత్తరం ఫైలులోంచి తీసెయ్, నా పిల్లలు ముప్పై నాలుగులో తప్ప ఇంకో బస్సులో ఎక్కరు అని గట్టిగా చెప్పింది.

వాళ్ళు వెళ్ళగానే వదినకు ఫోను చేశాను. హలో అనలేదు, బస్సు ఉందా పోయిందా అంది. ఉంది అన్నాను. ఎందుకుందో మొత్తం చెప్పాను.

"రేపట్నుంచి ఆ పిల్లను వెనక సీట్లో కూర్చోవద్దని చెప్పు," అంది. "నా వెనకే, ముందు సీట్లో కూర్చోమను. దాచుకునేవాళ్ళం అంతా ఆ వెనక సీట్లోనే కూర్చుంటామే మార్తా. బడికెళ్ళే రోజుల్లో నేనూ అక్కడే కూర్చునేదాన్ని. నన్ను ఎవరూ ముందుకి పిలవలేదు."